చివరి గడి

(అనంతపురంలో ఒక విశ్రాంత విద్యుత్ ఇంజనీరు సంస్మరణ సభలో, ఆయన దగ్గర పని నేర్చుకున్న ఒకరు మాట్లాడిన మాటలకు అక్షరరూపం)

అమ్మగారికి, పిల్లలకు, దూరం లెక్కచేయకుండా వచ్చిన అందరికీ నమస్కారం.

సారు పేరు వెనక బ్యానరు మీద ఉంది. నా నోటికి మాత్రం ఎప్పుడూ 'సారు' అనే వచ్చింది, ఈ పొద్దు కూడా అదే వస్తుంది. ఏమీ అనుకోవద్దు.

ఈ హాల్లో ఒక తమాషా జరుగుతాంది, పొద్దున్నుంచీ చూస్తున్నా. ఏళ్ల తరబడి ఫోన్లో మాట్లాడుకున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు ఈరోజే చూస్తున్నారు. 'మీరేనా తాడిపత్రి పాలిషింగ్ మిషను? నేను ధర్మవరం పవర్‌లూమ్' అని చేతులు కలుపుకుంటున్నారు. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, అది సారు పెట్టిన పద్ధతే. ఆయన ఫోన్లో మన పేర్లు లేవు, మన జబ్బులున్నాయి. 'నార్పల బోరు', 'ఆదోని జిన్నింగు', 'కువైట్ చిల్లర్'. నా పేరు ఎట్లా పెట్టుకున్నారో అమ్మగారు మొన్న చూపించినారు. అది ఇక్కడ చెప్పను.

ఆయన సర్వీసు గురించి పెద్దలు చెప్పినారు కాబట్టి నేను రెండు మాటల్లో దాటేస్తా. చదివింది ఇక్కడే, మన ఇంజనీరింగ్ కాలేజీలో. ఆ కాలేజీ 1946లో పెట్టినప్పుడు దానికిక్కడ నీడ లేదు. మద్రాసు గిండీలో మొదలై 1948లో అనంతపురం చేరింది. బదిలీ ఆర్డరు చేతిలో పెట్టుకొని మొహం వేలాడేసిన ఏఈలకు, అంటే అసిస్టెంట్ ఇంజనీర్లకు, సారు ఇదే చెప్పేవారు: 'కాలేజీనే ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిందప్పా మనూరికి, నీదేముంది!' తర్వాత విద్యుత్ బోర్డు. 1994లో ముద్దనూరు కాడ రాయలసీమ థర్మల్ మొదటి యూనిట్ ఎక్కిన రోజుల్లో అక్కడున్నారు. 1999లో బోర్డు విడిపోయి కరెంటు పుట్టించే జెన్‌కో, దాన్ని లైన్ల మీద పంపే ట్రాన్స్‌కో అయినప్పుడు లైన్ల పక్కకు వచ్చినారు. ఆ తర్వాత రిటైరైనారు. నన్నడిగితే ఆయన అసలు ఉద్యోగం ఆ మరుసటి రోజు మొదలైంది. ఈ ఉద్యోగానికి జీతం లేదు, సెలవు లేదు, రాత్రి పదకొండుకు కూడా ఫోన్ మోగుతుంది. అమ్మగారికి ఇంకా బాగా తెలుసు.

ఫోన్ ఎత్తగానే 'చెప్పప్పా' అంటారు. మనం గడగడా చెప్తాం: మోటరు వేడెక్కుతాంది సార్, మాటిమాటికీ ట్రిప్ అవుతాంది. అవతల కాసేపు చప్పుడు ఉండదు.

'ఓల్టేజీ ఎంత?'

'నాలుగొందల పదహైదు సార్.'

'ఎప్పుడు కొల్చినావు?'

'ఇప్పుడే సార్.'

'మోటరు తిరుగుతా ఉన్నప్పుడా, ఆపినాకనా?'

ఇక్కడ మన నోరు పడిపోతుంది. ఎందుకంటే ఆపినాకే కొలిచి ఉంటాం. 'తిరిగేటప్పుడు కొల్చి చెయ్. మూడు ఫేజులూ. కరెంటు కూడా. నోటిలెక్క వద్దు, కాగితం మీద రాసుకో' అని పెట్టేసేవారు. అది కోపం కాదు. కొలిచి మళ్లీ చేస్తే మొదటి రింగుకే ఎత్తేవారు.

నార్పల తోట సంగతి మీలో కొందరికి తెలుసు, తెలియనివాళ్ల కోసం చెప్తా. చీనీ తోట, అంటే బత్తాయి. ఆరొందల అడుగుల బోరు, నీళ్లలోనే మునిగి తిరిగే ఏడున్నర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటరు. ఒక్క ఎండాకాలంలో మూడుసార్లు కాలింది. మోటరు పైకి తీయడానికి కూలి, వైండింగుకు డబ్బు, మళ్లీ దించడానికి కూలి. మే నెలలో నీళ్లు లేకుండా చీనీ చెట్టు ఎన్నాళ్లు ఓర్చుకుంటుందో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. వైండింగు షాపాయన కరెంటును తిట్టినాడు. లైన్‌మన్ వైండింగును తిట్టినాడు. మోటరు అమ్మినాయన బోరును తిట్టినాడు. రైతుకు తిట్టడానికి దేవుడొక్కడే మిగిలినాడు.

రైతు కొడుకు డిప్లొమా అప్పుడే అయిపోయినవాడు. ఎవరో నంబరిస్తే సారుకు చేసినాడు. ఆపి కొలిస్తే మూడు జతల మధ్యా ఒకటే, 415కు కాస్త అటూ ఇటూ. తిప్పి కొలిస్తే 410, 400, 375. సారు లెక్క తాను చేయలేదు, వాడి చేతనే చేయించినారు. మూడూ కూడి మూడుతో భాగించు. 395 వచ్చింది. దీనికి అన్నిటికన్నా దూరంగా ఉన్నదేది? 375. తేడా 20. 395లో 20 అంటే నూటికి ఎంత? అయిదు.

'అయిదే కదా సార్' అన్నాడంట అబ్బాయి.

'ఆ అయిదును అయిదుతో గుణించు. మళ్లీ రెండుతో గుణించు.'

యాభై. మోటర్ల పనిలో ఉన్నవాళ్లు వాడే మోటు లెక్క ఇది. ఫేజుల మధ్య తేడా అయిదు శాతం ఉందంటే, వైండింగులో పుట్టే వేడి యాభై శాతం దాకా పెరుగుతుంది. ఇంక రాగి తీగ మీది ఎనామెల్ పూత ఎంతకాలం ఆగుతుంది? మూడుసార్లు కొత్త రాగి చుట్టినారు, మూడుసార్లూ అదే మంటలోకి దించినారు.

'మోటరును వదిలేయ్, ఎనక్కి నడువు' అన్నారు సారు. స్టార్టరు కాడ చూడు, సర్వీసు వైరు మొదట్లో చూడు, లైన్‌మన్‌ను పిలిచి స్తంభం కాడ చూపించు. స్తంభం కాడ దొరికింది. అల్యూమినియం లైనుకు రాగి వైరును ఊరికే మెలేసి చుట్టినారు ఎవరో. ఆ రెండూ నేరుగా తగిలినచోట తేమ పడితే చాలు, అల్యూమినియం తినుకుపోతుంది, పైన పొర కడుతుంది, జాయింటులో నిరోధం పెరుగుతుంది. కరెంటు పారనంతసేపు ఆ నిరోధం ఉన్నట్టే తెలియదు. అందుకే ఆపి కొలిచినప్పుడల్లా అంతా బంగారమే. ఎల్‌సీ, అంటే లైను ఆపించే లైన్ క్లియర్, తీసుకుని, పాత మెలి కోసేసి, ఒక పక్క రాగి, ఇంకో పక్క అల్యూమినియం ఉండే బైమెటల్ లగ్గు వేసి బిగించినారు. లగ్గు ఖరీదు ఒక వైండింగు కూలిలో ఏ మూలకూ రాదు.

ఇంతవరకు ఏ మంచి ఇంజనీరైనా చేస్తాడు. మన జిల్లాల్లో మంచి ఇంజనీర్లకు కొదవ లేదు. నేను చెప్పదలుచుకున్నది ఆ తర్వాతది.

ఫోన్ పెట్టే ముందు సారు ఒక మాట అనేవారు: 'అయినాక చెప్పు. నెల పోయినాక ఇంగోసారి చెప్పు.' మనం మర్యాదకు అంటున్నారని అనుకునేవాళ్లం. మర్యాద కాదు. ఆయన దగ్గర లాంగ్ నోటుబుక్కులు ఉండేవి, అవిగో ఆ బల్ల మీద ఉన్నవే. పెన్సిల్‌తో, స్కేలు పెట్టి గీసుకున్న గడులు. తేదీ, ఎవరు, ఏమడిగినారు, ఏం కొల్చినారు, ఏం చెప్పినాను. ఆరో గడి, చివరిది: ఏమైంది.

నార్పల అబ్బాయి చెప్పినాడు. బిగించిన రోజు మూడు ఫేజుల కరెంటు ఎంతో చెప్పినాడు, నెల తర్వాత ఎంతో చెప్పినాడు. రెండూ ఆ గడిలో ఉన్నాయి, చిన్న అక్షరాలతో. తర్వాత ఆళ్లగడ్డ నుంచి ఒక కాంట్రాక్టరు ఇట్లాంటి బాధే చెప్పుకున్నప్పుడు సారు జవాబు చెప్పలేదు. 'నార్పలలో ఒకబ్బాయి ఇది కొల్చి పట్టుకున్నాడు. ఆయన్ను అడుగు' అని నంబరిచ్చినారు. ఆ కాంట్రాక్టరుకు పనిలో ముప్ఫై ఏళ్ల అనుభవం. మీసాలు రాని పిల్లోడికి ఫోన్ చేసి 'సార్' అన్నాడు. ఆ పిల్లోడు ఈరోజు ఇక్కడే ఉన్నాడు, మీసాలు కూడా వచ్చినాయి. (నవ్వులు) పెళ్లిళ్ల పేరయ్య సంబంధాలు కలిపినట్టు సారు మనల్ని కలిపినారు. ప్రతి జవాబూ ఆయన నోటి నుంచే వచ్చి ఉంటే, ఆయనతోనే పోయి ఉండేది.

తెలియనిది తెలియదు అనేవారు. దీన్ని చాలామంది పెద్దల గురించి మర్యాదకు చెప్తారు. నేను పుస్తకంలో ఉన్నది చెప్తున్నా. రాజంపేట తమ్ముడు కువైట్‌లో ఏసీలకు నీళ్లు చల్లబరిచే పెద్ద చిల్లర్ ప్లాంటులో పని చేస్తాడు. అక్కడ శుక్రవారం సెలవు, కాబట్టి శుక్రవారమే ఫోను. మోటరు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ మీద నడిచే మోటర్లలో బేరింగులు ఊరికే పోతున్నాయి, గ్రీజు బాగానే ఉంది, అలైన్‌మెంటు బాగానే ఉంది, విప్పి చూస్తే బేరింగు గుండ్లు దొర్లే రేసు మీద అడ్డగీతలు పడి ఉన్నాయి అన్నాడు. 'నా సర్వీసులో నేను ఇవి చూడలేదప్పా. నువ్వు తెలుసుకొని నాకు చెప్పు' అన్నారు సారు. తమ్ముడు తెలుసుకున్నాడు. వీఎఫ్‌డీ వేగంగా ఆన్ ఆఫ్ అవుతుంటే షాఫ్టులో వోల్టేజీ పుడుతుంది, అది నేలకు పోయే దారి వెతుక్కుంటూ బేరింగు గుండా దూకుతుంది, దూకిన ప్రతిసారీ ఉక్కు మీద ఒక చుక్క కాలుతుంది. షాఫ్టుకు ఎర్తింగ్ బ్రష్షు పెట్టాలి, లేదా ఇన్సులేటెడ్ బేరింగు వేయాలి. ఆ వరుస పుస్తకంలో చూడండి. 'ఎవరు' అనే గడిలో 'నేను' అని రాసుకున్నారు. 'ఏం చెప్పినాను' అని అచ్చుగా రాసి ఉన్న తలకట్టు కింద, ఆ ఒక్క వరుసలో, 'కువైట్ చిల్లర్ చెప్పినాడు' అని ఉంది. డెబ్బై దాటిన మనిషి.

నచ్చని ప్రశ్న ఒకటుండేది. 'ఏ కంపెనీ మోటరు మంచిది సార్?' దానికి జవాబుగా 'నీళ్లెన్ని? యాడి నుంచి?' అనేవారు. సెకనుకు రెండు లీటర్లు, 180 మీటర్ల నుంచి పైకి రావాలంటే, ఒట్టి నీళ్లను ఎత్తడానికే మూడున్నర కిలోవాట్లు. పంపు సామర్థ్యం నూటికి అరవై అనుకుంటే షాఫ్టు కాడ ఆరు కిలోవాట్లకు దగ్గర కావాలి, అంటే ఎనిమిది హెచ్‌పీ. 'అయిదు హెచ్‌పీ దించి కంపెనీని తిట్టొద్దు.' 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. సారు దాన్ని ఎప్పుడూ తప్పుపట్టలేదు, ఈ నేల మీద సేద్యం చేసేవాడికి ఆ మాత్రం ఆసరా ఉండాల్సిందే అనేవారు. కానీ బిల్లు లేకపోయేసరికి ఏ మోటరు ఎంత తాగుతాందో చూసే కన్ను పోయిందని ఆయన బాధ. నాకూ అదే అనిపిస్తుంది.

మొండితనం లేదా అంటే, ఉంది. సోలార్ పంపు మాటెత్తితే చాలాకాలం 'మబ్బు పడితే?' అని కొట్టేసేవారు. కళ్యాణదుర్గం ఆయన ఒకరు నెలల తరబడి రీడింగులు పంపి పంపి ఆయన్ను మెత్తబరిచినారు. 2017లో ఓర్వకల్లు పక్క గని, శకునాల పొలాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పూర్తయినాక పోయి చూసి వచ్చి, 'నేను ఓడిపోయినాలే' అన్నారు. మొండివాడే, కానీ అంకె చూపిస్తే దిగి వచ్చేవారు. మాట చూపిస్తే రారు.

సబ్‌స్టేషన్లో పనిచేసే ఒక ఏఈ అమ్మాయి ఇందాక నా దగ్గర గుర్తు చేసుకునింది. నలుగురం కలిసి ఫోన్లో మాట్లాడుతుండగా, ఆ అమ్మాయి ఒక బ్రేకరు గురించి రీడింగు చెప్తే, వయసులో పెద్దాయన ఒకరు 'అట్లా ఉండదులేమ్మా, నేను ఎన్ని చూసినా' అన్నాడు. సారు మధ్యలో అందుకున్నారు: 'ఆమె కొలత చెప్తాంది. నువ్వు అభిప్రాయం చెప్తాండావు. ముందు కొలత వినుకో.' ఆ రోజు నుంచి తన మాటను ఎవరూ మధ్యలో తుంచలేదని చెప్పింది.

ఆయన గొంతు మారేది ఒక్క ఎర్తు విషయంలోనే. 'ఎర్తు పెట్టినాం సార్' అంటే మంట. 'గుంత తవ్వి పైపు పాతినావు. అది ఎర్తో కాదో నేల చెప్పాల.' దేశంలో జైసల్మేరు తర్వాత ఇంత తక్కువ వాన పడేది మన జిల్లాలోనే అని చిన్నప్పట్నుంచీ వింటున్నాం. ఏడాదికి అయిదొందల యాభై మిల్లీమీటర్ల లెక్క. ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన గుంత వానల్లో తడిగా ఉండి మంచి రీడింగే ఇస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి అది ఎండిన మట్టి. అందుకే ఎర్తు రీడింగు ఎండాకాలంలో తీయమనేవారు. లెక్క ఎవరికైనా అర్థమయ్యేదే. 240 వోల్టులు, ఎర్తు నిరోధం 20 ఓంలు. ఫేజు పోయి మోటరు బాడీకి తగిలితే నేలలోకి పారేది 12 ఆంపియర్లు. అక్కడున్నది 16 ఆంపియర్ల ఫ్యూజు. అది తెగదు. స్టార్టరూ పడదు. బాడీ మీద కరెంటు అట్లే నిలబడి ఉంటుంది, తెల్లారుజామున మడవ తిప్పి తడికాళ్లతో వచ్చేవాడి కోసం. కరెంటు నేలలోకి లీకైతే 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయి లైను తెంచే ఆర్‌సీసీబీ స్విచ్చు ఒకటి పెడితే ఆ మనిషి ఇంటికి పోతాడు. ఆ ముప్ఫైకీ ఈ పన్నెండుకూ మధ్య నాలుగొందల రెట్లు తేడా.

లైను మీద ఎక్కే పిల్లలతో ఇంకా కటువు. ఎల్‌సీ తీసుకున్నావా, లైను చచ్చిందని టెస్టరుతో చూసినావా, పని చేసేచోటికి రెండు పక్కలా షార్టు చేసి ఎర్తు వేసినావా. ఎవరింట్లో జనరేటరు వెనక్కి తన్నుతాందో నీకేం తెలుసు? 'ఆఫ్ చేసినారంట సార్' అన్నవాడికి ఆ రోజు ఇంకే విషయమూ చెప్పేవారు కాదు. ఫోన్ పెట్టేసి, వాడి పైఆఫీసరుకు చేసేవారు. దీనివల్ల కొందరికి ఆయనంటే పడేది కాదు, అదీ నిజమే.

సారు పోయిన రోజు నుంచి మన ఫోన్ల నిండా దండం బొమ్మలు, పూలదండ వేసిన ఫొటోలు. అవీ ఉండాలి, దుఃఖానికి ఏదో ఒక రూపం కావాలి కదా. స్మారక అవార్డు పెడదామని కొందరన్నారు. పెట్టండి, చందా నేనూ ఇస్తా. కానీ అమ్మగారు ఈ పుస్తకాలు నా చేతిలో పెట్టినాక కూర్చుని పేజీలు తిప్పినా. చివరి గడి ఎన్ని వరుసల్లో ఖాళీగా ఉందో చెప్తే మీరు బాధపడతారు. అడిగినాం, ఆయన చెప్పినారు, మన పని అయింది, మన మోటరు తిరిగింది, మరిచిపోయినాం. ఆయన వైపు నుంచి చూస్తే ఆ వరుస సగంలో ఆగిపోయింది. చెప్పింది సరిగా పనిచేసిందో, ఇంకేదన్నా కారణం దొరికిందో ఆయనకు తెలియకుండానే పోయింది. ఆ పక్కన చిన్నగా 'మళ్లీ అడగాల' అని రాసుకున్న పేజీలు కూడా ఉన్నాయి. ఆయన అడిగేందుకు మొహమాటపడినట్టున్నారు. మనకంటే పెద్ద మనిషి.

అందుకని ఈరోజు భోజనాలకు ముందు ఒక పని పెట్టుకున్నాం. పుస్తకాలు ఊరి వారీగా, ఏడాది వారీగా సర్ది పెట్టినాం. మీ వరుస వెతుక్కోండి. పెన్సిళ్లు అక్కడే ఉన్నాయి. ఏమైందో రాయండి. సారు చెప్పింది పనిచేయకపోతే పనిచేయలేదనే రాయండి, ఆయనకు పూజ చేస్తున్నట్టు రాయొద్దు. అట్లాంటి వరుసలే వెనక వచ్చేవాళ్లకు ఎక్కువ ఉపయోగం. ఈరోజు రానివాళ్లకు ఫోన్ చేసి అడిగే పని కర్నూలు వాళ్లు కొంత, కడప వాళ్లు కొంత పంచుకున్నారు. కొత్తగా వచ్చే ఫోన్లు కూడా వారానికి ఒకరు ఎత్తాలి. మొదటి వారం ఆ ఏఈ అమ్మాయి ఒప్పుకునింది.

చివరి పుస్తకంలో చివరి వరుస చదివి నేను దిగిపోతా. ఊరు ఆదోని. జిన్నింగు మిల్లు. ఏమడిగినారు: లైట్లు కొన్ని మసకగా వెలుగుతున్నాయి, కొన్ని మాడిపోతున్నాయి. ఏం కొల్చినారు: ఫేజుకూ, కరెంటు తిరిగి పోయే న్యూట్రల్ వైరుకూ మధ్య 208, 243, 273. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య 38. ఏం చెప్పినాను: న్యూట్రల్ జాయింటు చూడు, మెయిన్ ఆపి చూడు. తర్వాత ఖాళీ.

ఆదోని వాళ్లు వచ్చినారా? (వెనక వరుసలో ఒకరు లేచి నిలబడ్డారు.) నువ్వేనా? చూసినావా జాయింటు? ... చూడలేదా. సీజను, మిల్లు ఆపనీయలేదు. సరే. ఎమ్మిగనూరు నుంచి ఇద్దరు వచ్చినారు, రేపు పొద్దున్నే మిల్లు మొదలుపెట్టక ముందు వాళ్లు నీకు తోడు వస్తారు. ఓనరుతో నేను మాట్లాడతా. అంతవరకు సింగిల్ ఫేజు సామాన్లన్నీ ప్లగ్గులు పీకేయమని ఇప్పుడే ఫోన్ చెయ్, 273 మీద కంప్యూటరు నిలవదు. రేపు మెయిన్ ఆపి, తాళం వేసి, ట్రాన్స్‌ఫార్మరు వైపు నుంచి మొదలుపెట్టి న్యూట్రల్ లగ్గులన్నీ చూడండి. కొత్త లగ్గులు వెంట తీసుకుపోండి, మళ్లీ బజారుకు పరుగెత్తకుండా. బిగించినాక లోడు ఇచ్చి, మూడు ఫేజులూ కొలిచి, నాకు అంకెలు పంపండి.